టపా బండికి కొత్త దీపాలు

దారికి అడ్డంగా నిలబడ్డ నల్లావుని ముందుగా చూసింది నోలా. మెర్వ్ కూడా చూసే ఉంటాడనుకుంది. బండి వేగం తగ్గకపోయేసరికి అనుమానం వచ్చి, "మెర్వ్, ఆవు" అంది. అతను "ఎక్కడ?" అన్నాడు. చెయ్యి చాచి స్టీరింగుని తనవైపు లాగేసింది. ల్యాండ్‌క్రూజర్ దారి అంచు దిగి, గులకరాళ్ళ మీద దడదడలాడి, వెనకాల ఖాళీ బ్రెడ్డు ట్రేలన్నీ ఒకదాని మీదొకటి కూలిపోగా, ఓ ముళ్ళపొద పక్కన ఆగింది. ఆవు తల తిప్పి వాళ్ళకేసి ఓసారి చూసింది. ఆ తర్వాత తీరిగ్గా దారి దాటి వెళ్ళిపోయింది.

లేచిన దుమ్ము దీపాల వెలుగులో మెల్లగా కిందికి దిగుతోంది. మెర్వ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి కూర్చున్నాడు. పొద్దు గూకి ఎంతోసేపు కాలేదు, పడమటి అంచున ఇంకా ఎర్రచార ఉంది. చలికాలంలో అంతే. ఆఖరి ఫారంలో టపా ఇచ్చి, టీ తాగి బయల్దేరేసరికే మసక పడుతుంది. అక్కణ్ణించి బిండారా ఊరు చేరేదాకా దీపాలే దిక్కు.

"ఈ దీపాలు చచ్చాయి," అన్నాడు మెర్వ్ చివరికి. "వీటికంటే కొవ్వొత్తులు నయం."

నోలా కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. ఆమె కంటికి అవి ఎప్పటిలాగే ఉన్నాయి. అయినా బండి సంగతులు మెర్వ్‌వి. ఏ చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందో, ఏ నట్టు ఎప్పుడు వదులవుతుందో అతనికి తెలిసినట్టు ఆమెకు తెలియదు. అందుకని దీపాలే అయ్యుంటాయనుకుంది. దిగి, పడిపోయిన ట్రేలు సర్ది, తాడు బిగించి, మళ్ళీ ఎక్కి కూర్చుంది. మిగిలిన దారంతా మెర్వ్ నడక కన్నా కాస్త ఎక్కువ వేగంతో తోలాడు. నోలా నిటారుగా కూర్చుని, అడక్కుండానే, కుడిపక్క రాయి, ఎడమపక్క కంగారూ, ముందు గొయ్యి అని చెబుతూ పోయింది. అతను ఒక్కదానికీ విసుక్కోలేదు. ఎప్పుడూ విసుక్కునే మనిషి విసుక్కోకపోవడం ఆమెకు వింతగా తోచింది.

మంగళవారం, శుక్రవారం వాళ్ళిద్దరూ టపా తీసుకెళ్ళే రోజులు. క్వీన్స్‌లాండ్ పడమటి కొసన, ఇంటికీ ఇంటికీ మధ్య గంటసేపు ప్రయాణం ఉండే పశువుల ఫారాలకి ఉత్తరాలూ, బ్రెడ్డూ, పంపు సామాన్లూ, కుక్కల మందులూ, బడి దూరమై ఇంట్లోనే చదువుకునే పిల్లల పాఠాల కట్టలూ, వాటితోపాటు పక్క ఫారం కబుర్లూ మోసుకెళ్ళే పని. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టిన పని ఇప్పటికీ అలాగే నడుస్తోంది. తోలేది మెర్వ్. ఎడమపక్క కూర్చున్నవాళ్ళు దిగి దారిలో వచ్చే ప్రతి కంచె గేటూ తియ్యాలన్నది ఆ దేశంలో ఎవరూ రాయని చట్టం. కనక గేట్లు తీసేది నోలా. ఎండలో, గాలిలో, ఈ మధ్య నడుం పట్టేసినప్పుడు కూడా ఆమే దిగుతుంది. దాని గురించి వాళ్ళిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

శుక్రవారం టపా పొద్దున్నే బయల్దేరి, ఎక్కడా టీకి ఆగకుండా, వెలుతురుండగానే ముగించుకొచ్చారు. ఎందుకంత తొందరని ప్రతి ఫారంలోనూ అడిగారు. దీపాలు బాగాలేవని మెర్వ్ అందరికీ చెప్పాడు.

ఆ శనివారం పొద్దున్న కొత్త దీపాల కోసం లాంగ్‌రీచ్ పట్నం వెళ్ళారు. పగటిపూట, తారు రోడ్డు మీద, మెర్వ్ బాగానే తోలాడు. టోపీ అంచు మాత్రం కనుబొమ్మల దాకా దించుకున్నాడు.

బండి సామాన్ల కొట్టు డెన్నీది. నలభై దాటిన మనిషి, నోట్లో ఎప్పుడూ అగ్గిపుల్ల. చిన్నప్పుడు బిండారాలోనే పెరిగాడు కాబట్టి మెర్వ్‌తో చనువు, నోలా అంటే భయభక్తులు. నల్లావు కథ విని నవ్వాడు. అద్దాల అలమారులోంచి దీపాలు తీసి బల్ల మీద వరసగా పేర్చాడు. కంచమంత గుండ్రటివీ, అరచేతిలో పట్టేవీ, బద్దలా పొడుగ్గా ఉండేవీ.

వీటిలో ఏది గొప్పదని మెర్వ్ అడిగాడు. గొప్పదంటూ ఏదీ లేదని డెన్నీ అన్నాడు. కొన్ని వెలుగుని బల్లెంలా దూరం విసురుతాయి, కొన్ని విసనకర్రలా పక్కలకి పరుస్తాయి. తారు రోడ్డు మీద రాత్రంతా వేగంగా పోయేవాళ్ళకి దూరం కావాలి. మట్టి దారిలో, పొదల్లోంచి జంతువులు దూకే చోట పక్కలు కావాలి. తెల్లటి వెలుగు పదునుగా ఉంటుంది కానీ దుమ్ములో కళ్ళలోకే తిరిగొస్తుంది. కొంచెం పసుపు కలిసినదైతే దుమ్ముకి మంచిది. ఇంతా చెప్పి, నోలాకేసి తిరిగాడు.

"మీకు ముందుగా ఏం కనబడుతుంది నోలా? అసలు జంతువేనా, కళ్ళా?"

ఈ ప్రశ్న తననెవరూ ఇంతదాకా అడగలేదని నోలాకి అప్పుడే తట్టింది. కాస్త ఆలోచించింది. "గడ్డి," అంది. "దారి అంచున గడ్డి కదులుతుంది. కళ్ళు మెరిసేసరికి ఆలస్యమైపోతుంది. ఎడమ అంచే చీకటి. ఎప్పుడూ అటునుంచే వస్తాయి."

అలాగైతే ఒకటి దూరానిది, ఒకటి వెడల్పుది వేయించుకోమన్నాడు డెన్నీ. కుడిపక్కన బల్లెం, ఎడమపక్కన విసనకర్ర. చాలామంది అలాగే పెడుతున్నారట.

"రెండూ దూరానివే ఇవ్వు," అన్నాడు మెర్వ్. "తెల్లవే. ఇంతకంటే పెద్దవి లేవా?"

"ఇంతకంటే పెద్దవంటే విమానాశ్రయంలో అడగాలి. ఏం చూద్దామని మెర్వ్, వచ్చే వారాన్నా?"

మెర్వ్ నవ్వాడు కానీ మాట మార్చుకోలేదు. డబ్బా చేతిలోకి తీసుకుని, చెయ్యి చాపి చూశాడు, దగ్గరికి తెచ్చుకుని చూశాడు, గుమ్మం దగ్గరి వెలుతురుకి తీసుకెళ్ళి అక్కడా చూశాడు. చివరికి నోలా చేతికిచ్చి, అద్దాలు తేలేదు, ఏం రాశాడో చదువు అన్నాడు. అద్దాలు అతని చొక్కా జేబులోనే ఉన్నాయి. నోలా వాటికేసి చూసింది. డెన్నీ ముందు ఆ మాట అనలేదు. డబ్బా మీద ఉన్నది పైకి చదివింది.

ఇంటికొచ్చేదారిలో ఎడమ అంచు గురించి ఆమె మళ్ళీ ఎత్తబోయింది. దూరం కనబడితే పక్కలు అవే కనబడతాయని మెర్వ్ అన్నాడు.

ఆదివారం భోజనాలయ్యాక షెడ్డులో పని మొదలైంది. ఈ పనిలో మెర్వ్‌ని చూడటం నోలాకి ఎప్పుడూ ఇష్టమే. ముందు, బండి మూతికి అడ్డంగా ఉండే ఇనుప గార్డుని గుడ్డతో తుడిచి, మధ్యభాగం కొలిచి, అక్కణ్ణించి అటూ ఇటూ సమానంగా సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు. గుర్తు మీద మేకుతో చిన్న గాటు కొట్టి, డ్రిల్లు ఆ గాట్లో నిలిపి, మొదట సన్నటి బెజ్జం, తర్వాత దాన్నే పెద్దది చేశాడు. ఇనుప పొట్టు రింగులు రింగులుగా నేల మీద రాలింది. బెజ్జం అంచులకి ఆకురాయి పట్టి, తుప్పు పట్టకుండా రంగు పూశాడు. మట్టి దారి కుదుపులకి దీపం వణక్కుండా కింద రబ్బరు వాషరు, దానిమీద ఇనుప వాషరు, ఆపైన నట్టు. అదంతా చేతులే చేసుకుపోతున్నాయి. అతని ముఖం మాత్రం కాస్త పైకెత్తి, ఏదో వింటున్నవాడిలా ఉంది.

నోలా టార్చిలైటు పట్టుకుని నిలబడింది. మొదట్లో ఆమె వెలుగుని అతని వేళ్ళ మీద పట్టింది. కాసేపయ్యాక, ఊరికే, వెలుగుని పక్కకి జరిపి చూసింది. అతని వేళ్ళు ఆగలేదు. చీకట్లో కూడా నట్టు దాని మర దొరకబుచ్చుకుని తిరిగిపోతోంది. ఆమె మళ్ళీ వెలుగుని యథాస్థానంలో పెట్టింది.

బ్యాటరీ నుంచి లావుపాటి వైరు లాగాడు. మధ్యలో ఫ్యూజు పెట్టాడు. ఇంజను వేడి తగలకుండా వైర్ని నల్లటి గొట్టంలో దూర్చి, బానెట్టు అంచు వెంబడి క్లిప్పులతో కట్టాడు. దీపాలకి కరెంటు వదిలి, ఆపే రిలే డబ్బాని బ్యాటరీ పక్కన బిగించాడు. ఈ దీపాలు బండి హైబీమ్‌తోపాటే వెలగాలి, ఎదురుగా ఎవరైనా వచ్చినప్పుడు తాము డిమ్ కొడితే వాటంతటవే ఆరిపోవాలి. అది కుదరాలంటే హైబీమ్ వైరుకి ఒక సన్నవైరు అతకాలి. ఆ అతుకు దగ్గరికొచ్చేసరికి మాత్రం మెర్వ్ ఆగాడు. మూడు వైర్లు చేతిలో పట్టుకుని వేలితో తడుముతున్నాడు.

"టార్చి సరిగ్గా పట్టు."

"సరిగ్గానే పట్టాను."

"ఇది ఎరుపేగా?"

అది గోధుమరంగు వైరు. ఎరుపు దాని పక్కన ఉంది. నోలా వంగి, ఎరుపు వైర్ని తీసి అతని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టింది. మెర్వ్ ఆమె ముఖంకేసి చూడలేదు. ఆ వైర్ని గట్టిగా నొక్కి పట్టుకుని, క్లిప్పు తగిలించి, పటకారుతో నొక్కాడు.

పని అయ్యేసరికి సూర్యుడు దిగిపోయాడు. బండిని షెడ్డు రేకు గోడ ముందు చదునైన చోట నిలబెట్టి, దీపం ఎత్తు కొలిచి, గోడ మీద అంతకంటే కాస్త కిందగా సుద్దతో గీత గీశారు. రెండు వెలుగు మచ్చలూ ఆ గీత మీద కూర్చునేదాకా మెర్వ్ సర్దాడు. తర్వాత బండిని వెనక్కి తిప్పి, ఇంటి వెనకాల మైదానం వైపు పెట్టాడు. అటువైపు అడ్డమేమీ లేదు. ఏడాదికోసారి గుర్రప్పందేలు జరిగే చోటు దాకా ఒకటే చదును. పూర్తిగా చీకటి పడనిచ్చి మీట నొక్కాడు.

మైదానం తెల్లవారినట్టయింది. ఎండుగడ్డి పరక పరకకీ నీడ పడింది. ఓ నక్క ఆగి, కళ్ళు మెరిపించి, తోక దించుకుని పక్కకి తప్పుకుంది. ఆ కొసన పందేల మైదానం చుట్టూ వేసిన తెల్ల కమ్మీ వెండి గొలుసులా మెరిసింది. నోలా చిన్నపిల్లలా నవ్వేసింది. ఎడమ అంచు మాట నిజమేగానీ, వెలుగంటే ఇదీ వెలుగు అనుకుంది.

మెర్వ్ నవ్వలేదు. ముందుకి వంగి, స్టీరింగు మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. దిగి, దీపాల ముందుకెళ్ళి, చొక్కా కొసతో వాటి అద్దాలు తుడిచాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ చూశాడు.

"ఎక్కడిదాకా కనబడుతోంది?" అని అడిగాడు.

"పందేల మైదానం దాకా. తెల్ల కమ్మీ కనబడుతోంది. దాని పక్కన ఎవరో బకెట్టు మరిచిపోయారు, అదీ కనబడుతోంది."

అతను తలాడించాడు. "మంచు దిగుతోంది," అన్నాడు.

నోలా దిగి పైకి చూసింది. ఆకాశం నిండా చుక్కలు. నెలల తరబడి వాన చుక్క పడని నేల, పొడి గాలి, అదీ కదలడం లేదు.

"మంచు లేదు, మెర్వ్."

"దుమ్మయ్యుంటుంది."

"దుమ్మూ లేదు."

అతను చెయ్యి చాచి మీట ఆర్పేశాడు. చీకట్లో ఇంజను చప్పుడొక్కటే మిగిలింది. తర్వాత దాన్నీ ఆపేశాడు. నోలా బండి చుట్టూ తిరిగి అతని కిటికీ దగ్గరికొచ్చి, తలుపు మీద చేతులు పెట్టి నిలబడింది. ఎన్నాళ్ళ నుంచని అడిగింది.

పోయిన చలికాలం నుంచి, అన్నాడు. పగలు ఫరవాలేదు. చీకటి పడితే ప్రతి దీపం చుట్టూ చందమామకి కట్టినట్టు గుడి కడుతోంది. ఎదురుగా లారీ వస్తే పాలగ్లాసులోంచి చూస్తున్నట్టుంటుంది. మొదట ముందు అద్దం మీద గీతలనుకున్నాడు, అద్దం మార్పించాడు. తర్వాత దీపాలనుకున్నాడు. అనుకోవడం కాదు, అదే అయితే బాగుండునని అనుకున్నాడు.

"నాతో చెప్పొచ్చుగా."

"చెబితే బండి దిగమంటావు."

"అవును, దిగమంటాను."

"చూశావా మరి."

నోలాకి నవ్వొచ్చింది. వెంటనే ఒళ్ళు మండింది. నల్లావు స్థానంలో ఓ మనిషి ఉండుంటే? ఆమాటే అంది. తనూ మంగళవారం నుంచి అదే అనుకుంటున్నానని, ఐదు రాత్రులుగా నిద్రలేదని మెర్వ్ చాలా మెల్లగా అన్నాడు. ఆ తర్వాత, ఇక టపా పని వదులుకోవడమేనన్నాడు. లాంగ్‌రీచ్‌లో ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు పెద్ద లారీ పెట్టుకుని, ఇలాంటి పనుల కోసమే చూస్తున్నారట. ఆఖరి ఫారంలో ఉండే ప్రాట్ల పాపకి పాఠాల కట్ట గుమ్మంలో పడేసి పోతారు, పైన రాసింది చదివి వినిపించమంటే వినిపించరు. అయినా చేసేదేముంది. తోలే మనిషి లేకపోతే.

నోలా ఆగింది. అతను తనకేసి చూస్తాడేమోనని ఆగింది. అతను స్టీరింగుకేసి చూస్తున్నాడు.

"నేను నీ పక్కనే నిలబడ్డాను మెర్వ్. నేను కూడా కనబడటం లేదా? ఇదీ కంటి జబ్బేనా?"

అతను తల తిప్పాడు. నిజంగానే అర్థం కానట్టు, "నువ్వా?" అన్నాడు.

"పెళ్ళికి ముందు మా నాన్న పశువుల లారీ తోలిందెవరు? నిద్రపోతూ తోలానా?"

"అది వేరు. ఈ దారి..."

"ఈ దారిలో ఏ మలుపు దగ్గర ఇసుక ఉందో, ఏ వాగులో రాయి జరిగిందో నీకు చెప్పేది నేను. ఇన్నేళ్ళుగా నీ చెవిలో తోలుతూనే ఉన్నాను. కాంట్రాక్టులో నా పేరూ ఉంది. లైసెన్సూ ఉంది."

మెర్వ్ స్టీరింగు మీద వేలితో గీతలు గీశాడు. అతను వాదన కోసం వెతకడం లేదని, ఏదో కూడికా తీసివేతా చేసుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది. చివరికి అతని నోటివెంట వచ్చిన మాటేమిటంటే, మరి గేట్లు ఎవరు తీస్తారు?

"నువ్వే," అంది నోలా. లోపలికెళ్ళి, ఉప్పుమాంసం కోసి, రాత్రి తిండికి టోస్టు కాల్చింది.

మంగళవారం తెల్లవారగానే నోలా కుడిపక్క ఎక్కి, సీటు ముందుకి జరుపుకుని, అద్దాలు సరిచేసుకుంది. పోస్టాఫీసు ముందు సంచులు ఎక్కిస్తున్నప్పుడు ఇద్దరు ముగ్గురు చూశారు. ఒకతను మెర్వ్‌ని చెయ్యి విరిగిందా అనడిగాడు. లేదు, పెళ్ళాం తిరగబడిందన్నాడు మెర్వ్.

మొదటి గంట నరకం. మెర్వ్ కాలు నేల మీద లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. గేరు మార్చే ముందు గాలి పీల్చేవాడు, మార్చాక వదిలేవాడు. ఇసుక మలుపు రాబోతోందన్నాడు. తెలుసంది. ఎడమకి అన్నాడు. తెలుసంది. ఇంకోసారి నోరు తెరిస్తే బ్రెడ్డు ట్రేల మధ్య కూర్చోబెడతానంది. ఇసుక మలుపులో ఆమె మెర్వ్‌లా వేగంతో దూసుకుపోలేదు. గేరు తగ్గించి, పాత చక్రాల జాడ పట్టుకుని, నెమ్మదిగా, ఆగకుండా దాటించింది. అతను ఏదో అనబోయి, కిటికీలోంచి ఈము పక్షుల్ని చూశాడు.

గేట్ల దగ్గర కథ వేరు. ఒక్కో గేటుకి ఒక్కో పేచీ. మొదటిదాని గొలుసు పైకెత్తి లాగాలి, ఇంకోదాన్ని మోకాలితో నెడితేగాని గొళ్ళెం వదలదు, మరోటి తియ్యగానే వెనక్కొచ్చి మొహాన కొడుతుంది. మెర్వ్‌కి వీటిలో ఒక్కటీ తెలియదు. మొదటి గేటు దగ్గరే గొలుసుతో కుస్తీ పట్టి, టోపీ కింద పడేసుకున్నాడు. నోలా కిటికీలోంచి ఎలా తియ్యాలో చెప్పింది. మూడో గేటు అతని చొక్కా చింపింది. తిరిగొచ్చి కూర్చుని, చినిగినచోట వేలు పెట్టి చూసుకుంటూ, "ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు.

"అడిగావా?"

ఆ తర్వాత అతను దిగేటప్పుడల్లా, దీన్నెలా తియ్యాలని అడిగి మరీ దిగాడు.

ఆఖరి ఫారం ప్రాట్లది. ప్రూ ప్రాట్ వరండాలోనే టీ పెట్టి, కేకు కోసి కూర్చుంది. బండి కుడిపక్కనుంచి నోలా దిగడం చూసి కత్తి పళ్ళెంలో పెట్టేసింది. విషయం మెర్వే చెప్పాడు. నోలా ఆశ్చర్యపోయింది. దారంతా ఏ ఫారంలోనూ ఎత్తని మాట అతను ప్రూ దగ్గర, చేతిలో టీ కప్పు తిప్పుకుంటూ, దాచుకోకుండా చెప్పేశాడు.

అది శుక్లం అయ్యుంటుందని ప్రూ అంది. వాళ్ళ నాన్నకీ ఇదే. లాంగ్‌రీచ్‌కి కళ్ళ డాక్టర్లు వచ్చిపోతుంటారు, ఒక పూటలో చేసేస్తారు, భయపడాల్సిందేమీ లేదట.

"అసలు చిక్కు తర్వాతే మొదలైంది," అంది ప్రూ. "కట్టు విప్పగానే మా నాన్న మా అమ్మ మొహం చూసి, ఇదేంటే ఇంత ముసలిదానివయ్యావు అన్నాడు. నెల్లాళ్ళు ఆయన వంట ఆయనే చేసుకున్నాడు."

మెర్వ్ గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో నోలాకి గుర్తులేదు. ప్రూ కూతురు వచ్చి పాఠాల కట్ట చేతికివ్వమంది. నోలా ఎప్పటిలాగే వరండా మెట్టు మీద కూర్చుని కట్ట పైన ఏం రాసుందో చదివి వినిపించింది. అందుకని బయల్దేరేసరికి ఎప్పటిలాగే మసకపడింది.

పెద్ద దారెక్కాక నోలా మీట నొక్కింది. తెల్లటి వెలుగు దారి వెంట బాణంలా పోయి, ఎక్కడో కొసన కంచె స్తంభానికి తగిలింది. దూరం ఎంత బాగా కనబడుతోందో పక్కలు అంత నల్లగా మూసుకుపోయాయి. రెండు గోడల మధ్య పోతున్నట్టుంది. ఆమె వేగం తగ్గించింది. ఆ తగ్గించడమే మంచిదయింది. ఎడమ గోడలోంచి ఎర్రటి పెద్ద కంగారూ ఒకటి సరిగ్గా గార్డు ముందుకి గెంతింది. నోలా బ్రేకు నొక్కింది. బండి అడ్డం తిరగలేదు, జారి, ఆగింది. కంగారూ వెలుగులో బొమ్మలా నిలబడి, చెవులాడించి, రెండు గెంతుల్లో కుడివైపు చీకట్లో కలిసింది.

"ఏమిటది?" అన్నాడు మెర్వ్.

"కంగారూ. ఎడమనుంచి."

సీటు కింద చెయ్యి పెట్టి పానా తీసుకుని దిగాడు. నోలా కూడా తలుపు తెరవబోయింది.

"నువ్వు కూర్చో," అన్నాడు. "నేను తిప్పుతాను. ఎటు తిప్పాలో నువ్వు చెప్పు."

అతను దీపాల వెలుగుకి పక్కగా, వీపు తిప్పుకుని నిలబడి, ఎడమ దీపం నట్టు వదులు చేశాడు. నోలా కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పింది. ఎడమకి. ఇంకొంచెం. మరీ అంత కాదు. ఇప్పుడు కిందికి. గడ్డి మొదళ్ళు కనబడాలి. అదీ. వెలుగు మెల్లగా పక్కకి జరిగి, దారి అంచు మీద, పొదల మీద, ఆ వెనకాల చీమల పుట్టల మీద పరుచుకుంది. అక్కడే ఆగమంది. మెర్వ్ నట్టు బిగించి, కదులుతుందేమోనని దీపాన్ని ఊపి చూసి, ఇంకో అర తిప్పు బిగించాడు.

బండి కదిలాక అతనన్నాడు, డెన్నీ దగ్గర ఆ ఎడమదాన్ని మార్చి వెడల్పుది తెచ్చుకుందామని. పసుపుది అంది నోలా. పసుపుదే అన్నాడు.

ఎదురుగా దూరంగా దీపాలు కనబడ్డాయి. మూడు ట్రైలర్ల పశువుల లారీ అది, దారంతా దానిదే. నోలా డిమ్ కొట్టింది. మెర్వ్ కట్టిన వైరు కట్టినట్టే పని చేసి కొత్త దీపాలు రెండూ ఆరిపోయాయి. పాత దీపాల మసక వెలుగులో ఆమె ఎడమ చక్రాలు అంచు దించి, వేగం తగ్గించి, దారి ఇచ్చింది. లారీ వెలుగు అద్దం నిండా పోటెత్తింది. పక్కన మెర్వ్ టోపీ తీసి ముఖం మీద పెట్టుకున్నాడు. కాలు బ్రేకు కోసం వెతకలేదు. జాగ్రత్త అనలేదు. లారీ బండిని ఊపేస్తూ దాటిపోయి, దుమ్ము పక్కకి తొలిగి, నోలా మళ్ళీ దీపాలు వెలిగించాక, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"రేపు ఆ కళ్ళ డాక్టరుకి ఫోను చేస్తాను," అన్నాడు.

"చెయ్యి."

"కట్టు విప్పాక నిన్ను చూసి ఏమీ అనను."

"అనకు. నీకు వంట రాదు."

కొంతదూరం పోయారు. ఎడమ అంచున ఓ గడ్డి దుబ్బు కదిలింది. నోలా వేగం తగ్గించింది. చిన్న కంగారూ ఒకటి తలెత్తి చూసి, గెంతకుండా, అక్కడే మేస్తూ ఉండిపోయింది. దాన్ని దాటాక మెర్వ్ అన్నాడు.

"కళ్ళు బాగయ్యాక మంగళవారం నువ్వు తోలు. శుక్రవారం నేను తోల్తాను."

ఇన్నేళ్ళలో మెర్వ్ ఇవ్వజూపిన దేన్నీ నోలా ఇంత సేపు చేతిలో పెట్టుకుని చూసుకోలేదు. దూరంగా బిండారా దీపాలు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి. ఆమె గేరు మార్చింది.

"శుక్రవారం సంగతి చూద్దాంలే," అంది.